ఇలెయుం పేగు, ఇలియుం తుంటి

ఇంగ్లీషులో పీ అనే అక్షరం కొన్నిచోట్ల ఊరికే కూర్చుని తింటుందని నాకు అరవై దాటాక తెలిసింది. అంతకుముందు నేనెరిగిన పీ పోర్టు గేటు మీదా, పోలీసు జీపు మీదా ఉండేది. రెండు చోట్లా దాని పని అది చేసుకునేది. ఒకరోజు మా కోడలు ఒక కాగితం నా చేతిలో పెట్టి మొదటి మాట చదవమంది. నేను కళ్లజోడు సర్దుకుని, ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి, ఎవరినీ వదలకుండా చదివాను.

"ప్నెయుమోనియా."

కోడలి చేతిలో టీ ఒలికింది.

"అత్తా, అది న్యుమోనియా. పీ పలకదు."

"పలకందాన్ని తెచ్చి ముందు వరసలో కూకోబెట్టడమేటి?"

"అది గ్రీకు మాటంట. ఆళ్ల రాత అలాగుంటాది."

"ఆళ్లు పలుకుతారా మరి?"

"ఆళ్లు పలుకుతారంట. ఇంగ్లీసోళ్లే పలకరు."

"సూసినావా. సొంతోళ్లు మర్యాదిచ్చినారు. తెచ్చుకున్నోళ్లు నోరు మూయించీసినారు."

కోడలు టీ తుడుచుకుంటూ ఇంకా నవ్వుతూనే ఉంది. ఆ పిల్ల నవ్వి చాలా రోజులైంది కాబట్టి నేనేమీ అనుకోలేదు.

నవ్వకపోవడానికి కారణం కాళ్లు. పెళ్లికి ముందు నుంచీ ఆమె బట్టల షాపులో పనిచేసేది. అక్కడ ఆడపిల్లలను కూర్చోనివ్వరు. కస్టమరు ఉన్నా లేకపోయినా నిలబడే ఉండాలి. చివరికి పిక్కల మీద నరాలు నీలంగా ఉబ్బి, మెలికలు తిరిగి, రాత్రి పడుకుంటే కాళ్లు లాగేసేవి. డాక్టరు చూసి వేరికోస్ వెయిన్స్ అన్నాడు, బిగుతు మేజోళ్లు వేసుకోమన్నాడు, నిలబడే పని ఇక వద్దన్నాడు. పని మానేసింది. మా వాడు స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు కింద క్రేను నడుపుతాడు, తిండికి లోటు లేదు. కానీ ఆ పిల్ల ఇంట్లో ఊరికే కూర్చునే రకం కాదు. జువాలజీతో డిగ్రీ చదివింది. కప్పను కోసి ఏ భాగం ఎక్కడుందో చెప్పగలదు. ఆ చదువంతా చీరలు మడతపెట్టడానికి పోయిందని ఆమెకు లోపల ఉండేది.

అప్పుడు ఎవరో స్నేహితురాలు ఈ పని గురించి చెప్పింది. విదేశాల్లో డాక్టర్లు రోగిని చూశాక రాసే ఓపిక లేక ఫోనులో మాట్లాడి పెడతారట. ఆ మాటలను కంప్యూటరు విని రాస్తుందట. కంప్యూటరుకు చెవి ఉంది గానీ బుద్ధి తక్కువ కాబట్టి, ఒకే రకంగా వినబడే రెండు మాటలుంటే ఒకదాని బదులు ఇంకోటి రాసేస్తుందట. ఎవరో ఒకరు కూర్చుని, విని, దిద్దాలి. ఇంట్లోనే ఉండి చెయ్యొచ్చు, కూర్చుని చెయ్యొచ్చు, కాళ్లు స్టూలు మీద పెట్టుకుని మరీ చెయ్యొచ్చు. మిగతా కంపెనీలు హైదరాబాదు రమ్మన్నాయి, ఈ ఒక్క కంపెనీయే ఇంటి దగ్గర పని ఇస్తానంది. దానికి పరీక్ష ఉంది. పరీక్ష రెండుసార్లే రాయనిస్తారు. మొదటిసారి మా కోడలు తప్పింది.

తప్పడం కూడా ఒక్క మాట దగ్గర. డిస్ఫేజియా అని రెండు మాటలున్నాయి. ఒకటి మింగలేని రోగం, ఇంకోటి మాట్లాడలేని రోగం. చెవికి రెండూ ఒకటే, రాతలో ఒక్క అక్షరం తేడా. డాక్టరు మింగలేడన్నాడు, కంప్యూటరు మాట్లాడలేడని రాసింది, మా కోడలు సరేనని వదిలేసింది. రోగి ప్రాణం మీదకొచ్చే తప్పు ఒక్కటున్నా చాలు, మిగతాదంతా ముత్యాల్లా దిద్దినా తప్పినట్టే లెక్క. మిగిలింది ఒక్క అవకాశం. అదీ వచ్చే నెలలోనే.

అందుకని ఎవరైనా మాటలు చదివి చెబితే తాను రాసి సరిచూసుకుంటానంది. మా వాడికి షిఫ్టులు. మా ఆయనకు చదువు రాదు. ఇక ఇంట్లో అక్షరాలున్నది నాకే.

నా అక్షరాల సంగతి కూడా చెప్పాలి. నేను పుట్టింది యారాడలో, మెట్టింది మల్కాపురంలో. ఎండు చేపలు అమ్మి బతికినదాన్ని. యాభై దాటేదాకా బస్సు బోర్డు ఎవరినో ఒకరిని అడిగి ఎక్కడమే. ఒకసారి గాజువాక వెళ్తుందా అని ఒకాయనను అడిగితే, ఫోనులోంచి తలెత్తకుండా ఊఁ అన్నాడు. గాజువాక మీదుగానే వెళ్లింది గానీ అక్కడ ఆగలేదు. ఆగింది దువ్వాడ స్టేషను ముందు. నెత్తిన ఎండు నెత్తళ్ల చేపల బుట్ట, చుట్టూ కాలేజీ పిల్లలు, అందరూ ముక్కులు పట్టుకుని. ఒక పిల్ల అయితే జాలిపడి సెంటు కొట్టింది, నా మీద కాదు, బుట్ట మీద. ఆ సాయంత్రం తిన్నగా మా వెనక వీధిలో ఉండే సిస్టరమ్మ అరుగు మీదకు వెళ్లి కూలబడ్డాను. ఆవిడ మిషను ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఆదివారం చర్చి, మిగతా రోజుల్లో వీధిలో అందరికీ బీపీ చూడడం.

"సిస్టరమ్మా, నాకు బోర్డు సదవడం నేర్పు."

"బోర్డు ఒక్కటే నేర్పడం కుదరదమ్మా. అ దగ్గర్నుంచి రావాలి."

వచ్చాను. బోర్డుల కోసం మొదలెట్టి పేపరు దాకా వచ్చాను. తెలుగు అక్షరాన్ని నమ్మొచ్చు. క అంటే పొద్దున్నా క, సాయంత్రమూ క. రాసింది రాసినట్టు పలుకుతుంది, అబద్ధం ఆడదు. తర్వాత సిస్టరమ్మే ఇంగ్లీషు అక్షరాలు కూడా నేర్పింది. ఒక్కోదానికి పెద్ద బట్టలు, చిన్న బట్టలు ఉంటాయని చెప్పింది, ఒక్కోదానికి ఒక్కో శబ్దం చెప్పింది. కొన్నిచోట్ల శబ్దం మారుతుందని కూడా చెప్పిందట. అది నేను వినలేదు. ఒకసారి మాటిచ్చాక మారడమేమిటి?

కాబట్టి కోడలి కాగితాలు నేను తెలుగు నమ్మకంతో చదివాను. కనురెప్ప వాలిపోయే జబ్బును వాళ్లు టోసిస్ అంటే నేను ప్టోసిస్ అన్నాను. రొమ్ము ఎముక చివరి మొనను జైఫాయిడ్ అంటే నేను క్సిఫొఇడ్ అన్నాను. క్షయకు ఏదో పాత పేరుందట, థైసిస్ అని. అది రాతలో ఎలా ఉందంటే, పీ, హెచ్, టీ, హెచ్, నలుగురూ ఒకరి మీద ఒకరు పడి బస్సు ఎక్కుతున్నట్టు. నోరు తిప్పి తిప్పి, చేప ముల్లు ఊసినట్టు ఫ్త్‌హిసిస్ అన్నాను. ఆ మాట అనేసరికే నాకు దగ్గొచ్చింది.

"ఈ మాట అన్నోడికి ఆ రోగం రాక సత్తాదా?" అన్నాను.

ఒక్క మాట మాత్రం నాకు చదవగానే నచ్చింది. బొర్బొరిగ్మి. ఆకలికో గ్యాసుకో కడుపులో గుడగుడమనే చప్పుడుకు వాళ్లు పెట్టుకున్న పేరట. వాళ్లు చివర్న గ్మై అంటారట, ఎలా అంటేనేం, కడుపు ఏమందో అదే రాసుకున్నారు. ఇంగ్లీషులో నిజాయితీ ఉన్న మాట నాకు కనబడింది అదొక్కటే. ఆ రోజు నుంచి మా ఇంట్లో అన్నం ఆలస్యమైతే మా ఆయన ఆకలేస్తోందని అనడు.

"ఏటే, నాకు బొర్బొరిగ్మి వొచ్చీసినాది. కూడెట్టు."

మా ఆయన పోర్టులో కళాసీగా చేసి దిగిపోయాడు. ఆయనకు ఓడల మీద ఇంగ్లీషు చాలా వచ్చు, ఒక్క మాటా చూసి ఎరగడు. అన్నీ చెవిలోంచి వచ్చినవే. మేం చదువుకుంటుంటే మంచం మీద పడుకుని ఒక మాట విసిరేవాడు. ఒకసారి కోడలు ఆయనను ఆటపట్టించడానికి ఫోనులో ఒక మాట తీసి నాకు చూపించింది. నేను బోట్‌స్వఇన్ అని చదివాను.

"ఎవులాడు?" అన్నాడు ఆయన.

"ఓడ మీద కళాసీలకు పెద్ద, మావయ్యా. నువ్వు బోసన్ అంటావే, ఆడే. రాస్తే ఇలాగుంటాడు."

ఆయన లేచి కూర్చున్నాడు. "నా సర్వీసంతా ఆడి కేకలు తిన్నాను. ఆడు బోసనే. ఇదెవుడో వేరే ఓడోడు."

"ఆడేనయ్యా. పీ లాగే ఇక్కడా శానామంది పలకరు."

"మీ సదువుకో దండం. క్రేను కింద నిలబడి నాను ఆరియా అంటే సరుకు దిగీది, ఆబీసంటే లేచీది. అది ఏ దేసం మాటో నాకూ తెలీదు, క్రేను మీదోడికీ తెలీదు. దిగిందా నేదా, అదొక్కటే."

కోడలు నవ్వి ఊరుకుంది గానీ, నాకు ఆ మాట పట్టుకుంది. మాట పలకడానికా, పని జరగడానికా? పనికే కదా. ఇది నేను అప్పుడు పైకి అనలేదు. అని ఉంటే తర్వాత వారం మాకు అంత కష్టం ఉండేది కాదు.

ఎందుకంటే ఆ ఆదివారం చర్చి నుంచి వస్తూ సిస్టరమ్మ మా గుమ్మం ముందు ఆగింది. లోపల నేను మాంచి ఊపు మీద ఉన్నాను. దగ్గితే పడే కఫానికి ఇంగ్లీషులో ఫ్లెం అని ఒక మాట ఉంది, దాన్ని ప్‌హ్లెగ్మ్ అని రెండుసార్లు చదివాను. సిస్టరమ్మ చెప్పులు విప్పకుండానే లోపలికొచ్చేసింది.

"ఏంటమ్మా అది?"

"కఫం, సిస్టరమ్మా."

"అలా పలుకుతుంటే కఫం పైకి రాదు, లోపలికి పోద్ది. నేను నేర్పింది ఇదేనా?" కోడలి వైపు తిరిగింది. "నీకు పరీక్ష ఉందా, లేదా? పొద్దస్తమానం ఈ తప్పులు వింటే నీ చెవి ఏమవుతుంది? అక్కడ మాట్లాడేది డాక్టర్లు, మీ అత్త కాదు."

నా ముఖం మాడిపోయింది. నేను మొండిదాన్నే గానీ, ఆ పిల్లకున్నది ఒక్క అవకాశం. నా నోటి వల్ల అది పోతే? కాగితాలు సిస్టరమ్మ చేతికిచ్చి వంటింట్లోకి వెళ్లిపోయాను.

సిస్టరమ్మ చదవడం చూడాలి, వెన్న రాసినట్టు. ఒక్కో మాట ఎక్కడ నొక్కాలో, ఎక్కడ జారవిడవాలో ఆవిడకు తెలుసు. అర్థం కూడా చెప్పేది, ఆ రోగం వచ్చిన మనిషి ఎలా ఉంటాడో చేసి చూపించేది. వారం పాటు ప్రతి సాయంత్రం వచ్చింది. నేను వంటింట్లోంచి వింటూ చేపలకు పొలుసు తీసేదాన్ని. మా ఆయన మాత్రం, "ఇల్లు సల్లబడిపోనాదే," అన్నాడు.

వారం చివర కోడలు కంప్యూటరు పెట్టుకుని నమూనా పరీక్ష రాసుకుంది. రాసి, మంచం మీద పడుకుని, కాళ్లు గోడకు ఆనించి, కళ్లు మూసుకుంది. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను.

"ఏటైనాది?"

"పేగు కొయ్యమంటే తుంటి ఎముక కోసీసినాను అత్తా."

"ఓలమ్మ. బతికినాడా?"

ఆమె నవ్వలేదు. లేచి రెండు మాటలూ చూపించింది. ఇలియం అంటే చిన్నపేగు చివరి భాగం. ఇలియం అంటేనే తుంటి ఎముక. డాక్టరూ ఒకేలా అంటాడు, సిస్టరమ్మా ఒకేలా అంటుంది, ఎవరన్నా ఒకేలా అనాల్సిందే, ఎందుకంటే సరైన పలుకు అదే. రాతలో మాత్రం పేగుకు మధ్యలో ఇంగ్లీషు ఈ, ఎముకకు మధ్యలో ఇంగ్లీషు ఐ.

"సిస్టర్ ఆంటీ ఎంత బాగా సదివితే నాకు అంత కలిసిపోతన్నాయి. అన్నీ ఒకేలాగ ఇనపడతన్నాయి. మొన్నటిదాకా ఇలాంటివి నాకు తప్పలేదు." అని కాగితం నా వైపు తోసింది. "నువ్వు సదువు అత్తా."

"నాను సదివితే తప్పంట కదా."

"తప్పుగానే సదువు. నువ్వు తప్పుగా సదివితేనే నాకు అక్షరాలు ఇనపడతాయి."

నేను కళ్లజోడు పెట్టుకున్నాను. వేలు పెట్టాను. ఇలెయుం. ఇలియుం. రెండూ వేరే వేరే ఊళ్ల మనుషుల్లా వచ్చాయి. కోడలు మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

అప్పుడే సిస్టరమ్మ గుమ్మంలోకి వచ్చింది. నేను కాగితం దాచేద్దామనుకున్నాను గానీ ఆవిడ అప్పటికే విన్నది. కోపం చేసుకుంటుందనుకున్నాను. కోడలు సంగతి చెప్పింది. ఆవిడ కుర్చీ లాక్కుని, నా వైపు చూసి, "ఇంకోసారి చదువు," అంది. చదివాను. "మొదటిది పేగు, రెండోది తుంటి," అంది ఆవిడ. "కానీ రేపు పరీక్షలో ఏది ఏదో గుర్తుండొద్దూ?"

"పేగులో ఏ ఉన్నాది కదా," అన్నాను నేను. నిజంగా ఆలోచించి అన్న మాట కాదది. చేపల మనిషిని, పేగు అనే మాట నా నోట్లో ఎప్పుడూ ఉండేదే. "ఇలెయుంలో ఎ, పేగులో ఏ. తుంటికి సివర ఇ. ఇలియుంలో ఇ."

కోడలు నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది.

ఆ తర్వాత మా ఇల్లు బడి అయిపోయింది. సిస్టరమ్మ అర్థం చెప్పేది, నేను అక్షరాలన్నీ లేపి నిలబెట్టేదాన్ని, కోడలు రెండింటినీ ముడివేసేది. ముందుసారి కొంప ముంచిన డిస్ఫేజియాలను మొదట పట్టుకున్నాం. మింగలేని దానిలో జీ ఉంది, నేను దాన్ని గ అనే చదువుతాను, డిస్‌ఫగియా. గ అంటే గుటక. ఇంకోదానిలో ఎస్ ఉంది. స అంటే సొద.

"ఈ రెండో రోగం మీ అత్తకి రమ్మన్నా రాదు," అన్నాడు మా ఆయన మంచం మీదనుంచి.

"నీకు మొదటిది రాదు. ముద్ద కనపడితే సాలు," అన్నాను.

ముక్కులోంచి కారే చీమిడిని మ్యూకస్ అంటారు. చీమిడి ఊరే పొరను చెప్పేటప్పుడు కూడా మ్యూకస్ అనే అంటారు గానీ మధ్యలో ఓ చేరుతుంది. నేను మొదటిది ముకుస్ అని చదవగానే కోడలికి ఇక చెప్పక్కర్లేకపోయింది. ముక్కులోంచి వచ్చేది ముకుస్. ఓ వస్తే పొర, పొరకు చుట్టూ ఒడ్డు. ఒడ్డు సంగతి కొంచెం లాగి పెట్టినట్టే ఉంది, సిస్టరమ్మ ఒప్పుకోలేదు. అయినా కోడలికి గుర్తుంది కదా.

పరీక్ష రోజు ఉదయం మేం ముగ్గురం బయటికి పోవాల్సి వచ్చింది. గదిలో ఇంకో మనిషి ఉండకూడదట. కంప్యూటరు మీది కెమెరాలోంచి ఎవరో చూస్తూ ఉంటారట. ముందు గదంతా తిప్పి చూపించమన్నారు, గోడ మీది క్యాలెండరు కూడా తీయించారు. నేను, మా ఆయన, సిస్టరమ్మ వీధిలో అరుగు మీద కూర్చున్నాం. రిఫైనరీ గొట్టం పైన మంట మామూలుగానే ఎగురుతోంది. హార్బరులో ఒక ఓడ కూత వేసింది. మా ఆయనకు దగ్గు రాబోయింది, నేను చూసిన చూపుకు వెనక్కి పోయింది. సిస్టరమ్మ పెదవులు కదులుతున్నాయి, ప్రార్థన. నేనూ నాకొచ్చిందే చేశాను. ఇలెయుం, ఇలియుం, ఫగియా, ఫసియా.

కోడలు తలుపు తీసేసరికి ఎండ అరుగు దిగి రోడ్డు మీదకు పోయింది. ముఖం కడిగినట్టుంది, చెమట.

"ఎలాగుంది?" అన్నాం ముగ్గురమూ.

"మధ్యలో వార్నింగు వొచ్చినాది."

కోడలు మంచం మీద కాళ్లు పైకి పెట్టుకుని చెప్పింది. మాట వినగానే ఆమెకు తెలియకుండానే పెదవులు కదిలాయట, నేను చదివే చదువు లోపల చదువుకుంటూ. కెమెరాలోంచి చూసేవాళ్లు, గదిలో ఎవరితో మాట్లాడుతున్నావు, ఇంకోసారి పెదవులు కదిలితే పరీక్ష ఆపేస్తామని తెర మీద రాశారు.

"మరేటి సేసినావు?"

"పళ్లు బిగబట్టీసి, నాలిక అంగిట్లో నొక్కీసినాను. నోరు కదలకుండా నువ్వు లోపల సదివినావు అత్తా."

ఒక కొత్త జంట కూడా వచ్చిందట, మేం ఎప్పుడూ చదవనిది. పెరినీయల్, పెరొనీయల్. డాక్టరు గబగబా అంటే రెండూ పెరనీయలే. రోగి పాదం వేలాడిపోతోంది, ఎత్తలేకపోతున్నాడు, ఫలానా నరం దెబ్బతిందన్నాడు డాక్టరు. కంప్యూటరు ఇ ఉన్న మాట, పెరినీయల్ అని రాసింది. కోడలికి అనుమానం వచ్చింది. ఒకటి కూర్చునే చోటుది, ఇంకోటి మోకాలి పక్కనుంచి దిగే నరానిది. ఏది ఏదో చెప్పడానికి సిస్టరమ్మ లేదు.

"మోకాలికి ఓ ఉన్నాది కదా అనుకున్నాను. ఓ పెట్టీసినాను."

"మరి ఆ ఇ ఉన్నది?" అంది సిస్టరమ్మ, అప్పటికే నవ్వు మొదలెట్టి.

"పిర్ర, ఆంటీ."

చర్చి మనిషి అంతలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ తర్వాత, "ఓ పెట్టావు, అది కరెక్టే," అని మాత్రం చెప్పగలిగింది. మిగతావి ఎలా రాసిందో ఎవరికి తెలుసు? ఫలితం మెయిల్లో వస్తుందన్నారు.

రావడం కూడా సమయం కాని సమయంలో వచ్చింది. కోడలు స్నానానికి వెళ్లింది. ఫోను గూట్లో ఉంది, టింగుమంది. మా ఆయన దాన్ని బాంబును పట్టుకున్నట్టు పట్టుకుని నా దగ్గరకు తెచ్చాడు.

"ఇంగ్లీసే. సదువు."

కళ్లజోడు పెట్టుకున్నాను. పైన ఒకే ఒక పొడుగు మాట. సీ, ఓ, ఎన్, జీ. అంత పొడుగు మాట ఈ నెలంతా నేను ఎక్కడ చూశానంటే రోగాల కాగితాల్లో చూశాను. పొడుగు మాటలన్నీ రోగాలే. వేలు పెట్టి చదివాను.

"కొం... గ్ర... టు... ల... టి... ఒన్స్."

"అంటే?"

"తెలీదయ్యా. ఏదో పెద్దదే."

"పోయిందేటే?"

"పోయినట్టే ఉన్నాది. ఇంత పొడుగు మాటలో మంచేటి ఉంటాది?"

మా ఆయన గోడకు ఆనుకున్నాడు. నేను ఇంకోసారి, ఏమైనా తప్పిపోయానేమోనని, గట్టిగా, ఒక్కో అక్షరాన్నీ పేరు పెట్టి పిలిచినట్టు చదివాను. "కొంగ్రటులటిఒన్స్."

స్నానాల గదిలో నీళ్ల చప్పుడు ఆగింది.

"అత్తా, మళ్లీ సదువు."

"కొంగ్రటులటిఒన్స్."

లోపల చెంబు కింద పడిన చప్పుడు. ఆ తర్వాత ఏడుపో నవ్వో తెలియని గొంతు. "అత్తా, అది కంగ్రాచులేషన్స్. పాసైపోనాను అత్తా, పాసైపోనాను."

ఆ మాట నేను టీవీలో ఎన్నోసార్లు విన్నాను. పుట్టినరోజులకీ పెళ్లిళ్లకీ కుర్రాళ్లు అంటుంటే విన్నాను. ఎప్పుడూ చూడలేదు, అంతే. చూస్తే ఇలా ఉంటుందని ఎవరు చెప్పారు? ఇంట్లో ఇంకెవరు చదివినా ఆ పిల్ల ముందే తెలుసుకునేది. ఇంకెవరు చదివినా అంత తడి జుట్టుతో పరుగెత్తుకొచ్చి నన్ను పట్టుకుని ఊపేసేది కాదు కూడా. మా ఆయన ఫోను ఇంకా చేతిలో పట్టుకుని, "ఆ మాటకి అంత పొడుగెందుకో. ఓకే అంటే సరిపోను," అన్నాడు.

ఇప్పుడు కోడలు పనిలో ఉంది. కిటికీ పక్కన బల్ల, మెత్తని కుర్చీ, కింద స్టూలు మీద కాళ్లు, బిగుతు మేజోళ్లు. పిక్కల మీద నీలం కొంచెం తగ్గింది, లాగడం బాగా తగ్గింది. తలుపు మూసుకుని చెయ్యాలి. అవతలివాళ్ల రోగాలు మనకు తెలియకూడదట, సంతకం పెట్టించుకున్నారు. ఏ మాట వచ్చిందో నాకు చెప్పకూడదు, నేను అడగకూడదు. కాబట్టి నా చదువు ఉద్యోగం పోయింది. మొదట్లో కొంచెం చిన్నబుచ్చుకున్నాను, అబద్ధమెందుకు. ఇప్పుడు సిస్టరమ్మ దగ్గర ఇంగ్లీషు పేపరు మొదలెట్టాను. ఆవిడ నన్ను దిద్దడం మానేసింది. పక్కన కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది.

మధ్యాహ్నం పూట నేను వంటింట్లో ఉంటే తలుపు అవతల మీటల చప్పుడు వస్తూ ఉంటుంది, రేకుల మీద చినుకుల్లాగా. ఒక్కోసారి ఠక్కున ఆగుతుంది. ఏదో ఒక మాట దగ్గర ఆ పిల్ల ఆగిందని నాకు తెలుస్తుంది. నేను గరిటె తిప్పడం ఆపుతాను. తలుపు దగ్గరకు వెళ్లను. కాసేపటికి ఒక్క మీట చప్పుడు, ఒకే ఒక్కటి, తర్వాత మళ్లీ గబగబా. ఏ అక్షరం మార్చిందో నాకు తెలియదు. నేను కూరలో ఉప్పు చూసుకుంటాను.